గెలిచిన కేసు

ప్రియమైన బావమరిదికి,

కేసు గెలిచాం. నిన్ను మిల్లులోకి తిరిగి తీసుకోవాలని కోర్టు చెప్పింది. వినగానే మీ అక్క ఏడ్చింది. అప్పుడే సామాను సర్దుకోకు. తీర్పు చూపించినా మేనేజరు గేటు తీయలేదు. అమలు చేయించమని మళ్ళీ పిటిషన్ వేయాలట. కార్మిక సంఘం నీ వెనకే ఉంది.

మీ బావ

బావా,

నీ ఉత్తరం రసీదులా ఉంది, అయినా నాలుగుసార్లు చదువుకున్నాను. గెలిచింది మళ్ళీ గెలవాలా? లాయరుగారు మళ్ళీ ఫీజు తీసుకోరా? సంఘం గది ఖాళీ చేశారని, బెంచీలు మీ వసారాలో పడున్నాయని అక్క రాసింది. కోశాధికారివి, నువ్వు ఒక్క ముక్క చెప్పవేం? మూత లేని యంత్రం నడపనన్నందుకేగా నన్ను తీసేశారు. ఇప్పుడైనా మూత పెట్టారా?

నీ మీద అలిగిన
బావమరిది

ప్రియమైన బావమరిదికి,

పెట్టలేదు. నీ తరువాత దాని మీదికి వచ్చిన ఆవిడ కుడి చెయ్యి అందులో నలిగిపోయింది. నష్టపరిహారానికి కేసు వేయాలి. సంఘం దగ్గర ఒక్క కేసుకే డబ్బుంది. మీటింగులో ఆవిడే లేచి, "ముందు ఆ తమ్ముడి సంగతి చూడండి. నేను ఆగుతాను" అంది. నీ పిటిషనే వేస్తున్నాం. వేళకు తిను.

మీ బావ

బావా,

తిట్టాలనుకుంటే చివరిదాకా చదివి తిట్టు. మేనేజరు మనిషి నా గదికి వచ్చాడు. ఉద్యోగం అక్కర్లేదని, కేసు వదులుకుంటున్నానని వాళ్ళు టైపు చేసి తెచ్చిన కాగితాల మీద సంతకం పెట్టాను. అతనిచ్చిన డబ్బు ముట్టుకోలేదు. నాకు రెండు చేతులూ ఉన్నాయి, గోదాము కాపలా పని ఉంది. ఆవిడ కేసు వేయండి. అక్కకి నువ్వే మెల్లగా చెప్పు.

నీ బావమరిది

ప్రియమైన బావమరిదికి,

నీ మీద కోపం లేదు. నువ్వు సంతకం పెట్టిన కాగితాల్లో రెండో పేజీ చదివినట్టు లేవు. యంత్రానికి మొదటినుంచీ మూత ఉందని, నువ్వు ఆడింది అబద్ధమని అందులో ఉంది. దాన్ని గేటుకు అంటించారు. ఇక ఆవిడ కేసు నిలవదని లాయరుగారు అన్నారు. ఆవిడ రాజీకి వేలిముద్ర వేసింది. సంఘం డబ్బు అలాగే ఉంది. వేయడానికి కేసు లేదు.

గేటు దగ్గర అందరూ, "వీడి కోసమా మనం గది కూడా వదులుకుంది? అమ్ముడుపోయాడు!" అన్నారు. చదవకుండా సంతకం పెట్టమన్నది నేనేనని చెప్పాను. నన్ను సంఘంలోంచి తీసేశారు. మీ అక్కకీ అలాగే చెప్పాను.

ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు.

మీ బావ