శూన్యమాసంలో టైర్లు

టోవా పాయో,
జనవరి 2002

ఒరేయ్ దొరబాబూ,

ఫోన్లో అయితే ముందు తిట్టి, తర్వాత ఏడుస్తానని మీ బావగారి ఆఫీసు నుంచి ఫాక్సు చేయిస్తున్నాను. టొరంటోలో మీ కారు మంచు మీద జారి గిర్రున తిరిగిందట. పెళ్ళాం చేత దాయిస్తే అక్కకి తెలియదనుకున్నావా? నళిని మీద కేకలెయ్యకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. పాప వెనక సీట్లోనే ఉందట కదరా!

మంచు టైర్లు వేయించమంటే, "శూన్యమాసంలో బండికి కొత్తవేవీ కొనొద్దని అక్క చెప్పింది" అన్నావట. బుద్ధెరిగాక నా మాట ఒక్కటైనా విన్నావా? వినక వినక ఇదొక్కటే దొరికిందా నీకు? మన పంచాంగం రాసినాయన మంచు చూశాడా ఏమిటి! ఈ కాగితం అందగానే వెళ్ళి వేయించు. దోషమేదైనా ఉంటే నాకే చుట్టుకోనీ.

బావగారు కనుక్కున్నారు. మంచు మీద బ్రేకు గట్టిగా తొక్కకూడదట, ముందు బండికి బాగా ఎడంగా ఉండాలట.

కొత్త టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించడం నువ్వెలాగూ మర్చిపోతావని, ఆ పని ఇక్కడే నీ పేరున కానిచ్చేశాను. మాకు కారు లేదుగా, మా బ్లాకులో టాక్సీ నడిపే అంకుల్ని బతిమాలాను. ఈ దేశపు యాసలో "ఇక్కడ స్నో లేదు లా" అని నవ్వుతూనే, ఆ నిమ్మకాయల మీదుగా ఆయన ఎంత మెల్లగా పోనిచ్చాడో! నువ్వూ అంత మెల్లగా నడుపు, నాన్నా.

మీ అక్క