పుల్లావు కడుపులో తీగముక్క

గుడియాత్తం, 12-3-1956

అక్క మునిరత్నమ్మకు ధర్మలింగం నమస్కారాలు. ఇక్కడ మనుషులం క్షేమం.

నువ్విచ్చిన పుల్లావు మంగళవారం చనిపోయింది. వారంపాటు మేత ముట్టకపోతే అజీర్ణమనుకుని శొంఠి, ఇంగువ తాగించాను. చివరికి వేలూరు నుంచి పశువుల డాక్టరును పిలిపించాను. ఆయన ఆవు రొమ్ము కింద కట్టె పెట్టి పైకెత్తించగానే అది మూలిగింది.

"కడుపులో తీగ ఉండాదప్పా, గుండెకు గుచ్చుకునింది. మొదట్లోనే పిలిచుంటే కోసి తీసుందుము" అన్నాడు.

మా అంగడికి సరుకొచ్చే పెట్టెల్లోని గడ్డి దానికి వేసింది నేనే. అందులో పెట్టెలకు చుట్టిన తీగముక్కలుంటాయని తెలిసి కూడా తడిమి చూడలేదు.

బావ దగ్గు తగ్గిందా? మీరు అలాంటి గడ్డి వేయకండి. పిల్లలకు దీవెనలు. దాని దూడను మీ ఊరు నెమిలికి తోలుకుపోను ఎవరినైనా పంపు. అది నా చేయి నాకుతుంటే తట్టుకోలేకున్నాను.