పుదీనా ఎక్కువైన చేప ముక్కలు

చిరంజీవి కోడలికి,

అత్తయ్య దీవెనలు. ఇక్కడ నేను, మీ మామయ్య, అబ్బాయి ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ చల్లగా ఉన్నావనుకుంటూ ఇది రాస్తున్నాను. విడాకుల కాగితాల మీద సంతకాలై ఏడాదిన్నర దాటింది, ఇంకా కోడలేమిటని కింద దుకాణంలో టైలరమ్మ అడుగుతూనే ఉంటుంది. నాకు ఇంకో వరస నోటికి రాదు. నీకు ఇబ్బందిగా ఉంటే ఆ ఒక్క మాటా దాటేసి చదువుకో.

మామయ్య పళ్ళ సెట్టు వదులైందా అని అడిగావు. వదులైంది ఆయన నోరే గానీ పళ్ళు కాదు. నువ్వు స్వయంగా చేసిన సెట్టు ఇప్పటికీ అంగుళం కదలదు. నా మోకాళ్ళ సంగతి కూడా అడిగావు. మూడంతస్తులు మధ్యలో ఒకసారి ఆగి ఎక్కుతున్నాను, ఫరవాలేదు. కాజాలు కుట్టే పని మానలేదు. సూదిలో దారం ఎక్కించడమే కష్టంగా ఉంది. నువ్వు పొద్దున్నే పది సూదులకు దారం ఎక్కించి, దిండుకి వరసగా గుచ్చి పళ్ళ సెట్లు చేసే లాబ్‌కి వెళ్ళేదానివి. ఇప్పుడు సూదికోసారి టైలరమ్మని బతిమాలుకుంటున్నాను.

ఓవెన్ ఎవరికైనా ఇచ్చేశారా అని కూడా రాశావు. ఇవ్వలేదు. గుడ్డ కప్పి, పైన పాత పేపర్లు పెట్టి ఉంచాను. చేప ముక్కలు ఎలా చేయాలో నేను అడగ్గానే కాగితానికి రెండు వైపులా నింపి పంపావు చూడు, అప్పుడే ఆ గుడ్డ తీశాను.

మొదటిసారి చేసింది చెబితే నవ్వుతావు. బాదం, జీడిపప్పు, వేరుశనగ పప్పు మిక్సీలో వేసి రెండే తిప్పులు తిప్పమన్నావు. ఆ తిప్పడంలో మామయ్య పిలిచారని వెళ్ళి, మిక్సీ సంగతి మర్చిపోయాను. వచ్చేసరికి నూనె కక్కి ముద్దయింది. పారేయడానికి చెయ్యి రాక అదే చేపకి పట్టించాను. చేప తడి తుడవమన్న మాట కాగితం వెనక వైపు ఉందని తర్వాత చూశాను. ఓవెన్‌లోంచి తీస్తే పూతంతా రేకుకి అంటుకుని, చేప ఒక్కటే నా చేతికి వచ్చింది. మామయ్య మాత్రం వంక పెట్టకుండా తిన్నారు. ఆయన వంక పెట్టలేదంటే ఎంత జాలిపడ్డారో నువ్వే ఊహించుకో.

మొన్న ఆదివారం మళ్ళీ మొదలుపెట్టాను. ముల్లు లేని చేప తెచ్చి రెండు వేళ్ళ వెడల్పున ముక్కలు కోసి, పొడిగుడ్డ మీద పరిచి అద్దాను. ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం పట్టించి పక్కన పెట్టాను. పప్పులు ఈసారి మిక్సీ జోలికి పోకుండా రోట్లో దంచాను. మామయ్య పళ్ళకి తగ్గట్టు పలుకు పంటికి తగలాలి గానీ గుచ్చుకోకూడదని నువ్వు అనేదానివి కదా, అలా రవ్వకంటే కాస్త బరకగా ఆపాను. కొత్తిమీర, పుదీనా సన్నగా తరిగి, వెల్లుల్లి, రొట్టె పొడి కలిపాను. ముక్కని గుడ్డు తెల్లసొనలో ముంచి, ఈ పొడిలో దొర్లించి, అరచేత్తో మెల్లగా నొక్కాను. ఆ నొక్కేటప్పుడే నాకు నువ్వు బాగా గుర్తొచ్చావు. నీ చేతులు నొక్కుతుంటే నేను పక్కన నిలబడి కబుర్లు చెప్పేదాన్ని. ఎవరితోనూ కబుర్లు చెప్పకుండా ఇరవై ముక్కలు చేయడం ఎంత పెద్ద పనో ఇప్పుడే తెలిసింది.

పావుగంటయ్యేసరికి బాదం వేగిన వాసన, పుదీనా వాసన కలిసి వంటిల్లు దాటి మెట్ల మీదకి వెళ్ళాయి. అప్పుడే అబ్బాయి డ్యూటీ నుంచి వస్తున్నాడు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసి, లిఫ్టు లేని మన ఇంటికి కాళ్ళీడ్చుకుంటూ ఎక్కేవాడు, ఆ రోజు రెండేసి మెట్లు దూకుతూ వచ్చిన చప్పుడు వినిపించింది. బూట్లు కూడా విప్పలేదు. వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. నా వెనక, తలుపు పక్కన, కిటికీ దగ్గర అంతా చూశాడు.

“వచ్చిందా అమ్మా?” అని అడిగాడు.

“లేదు నాన్నా, నేనే చేశాను” అన్నాను.

వెనక్కి వెళ్ళి బూట్లు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. కరకరమని నాలుగు ముక్కలు తిన్నాడు. పుదీనా కాస్త ఎక్కువైందన్నాడు. ఆ తర్వాత ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాడు, లేవలేదు. వాణ్ణి అలా చూశాక నేను దాచుకున్నది దాచలేకపోయాను. వాడికి చెప్పేశాను. వాడికి చెప్పి నీకు చెప్పకపోతే మరీ అన్యాయం.

పై ఊరి లాబ్‌కి నిన్నే పెద్దగా వేస్తామన్నారని ఆ రోజు నువ్వు సగం పూటకే ఇంటికొచ్చావు. ఈ వంటింట్లోనే నా రెండు చేతులూ పట్టుకుని, “అత్తయ్యా, ముందు మీకే చెప్తున్నాను. ఆయన్ని మీరే ఒప్పించాలి” అన్నావు. సరేనన్నాను. సాయంత్రం ఏదో కొనాలన్న వంకతో కిందికి దిగి, వీధి మలుపులో అబ్బాయి కోసం నిలబడ్డాను. “వెళ్తే మన చెయ్యి దాటిపోతుంది, ఒప్పుకోకు. నాన్న గుండె బాగాలేదని చెప్పు” అని నేర్పి పంపాను. వాడు పైకి వచ్చి, నువ్వు నోరు తెరవకముందే కుదరదన్నాడు. ఈయనకి ముందే ఎలా తెలిసిందని నువ్వు నా వైపు చూశావు. నేను గిన్నె తోముతూ ఉండిపోయాను. తళతళలాడే గిన్నెని మళ్ళీ మళ్ళీ తోమాను.

అక్కడినుంచి మీ ఇద్దరి మధ్యా పెరిగిందంతా నీకు తెలిసిందే. మామయ్య గుండెకి అప్పుడు ఏ ప్రమాదమూ లేదు. నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఉండలేనన్నది నా భయం. ఆ మాట నీతోనే చెప్పి ఉంటే నన్ను తిట్టేదానివో, కూడా తీసుకెళ్ళేదానివో. చెప్పకుండా నిన్ను ఆపాలని చూశాను, నువ్వు మొత్తానికే వెళ్ళిపోయావు.

తనని ఒప్పించమని నువ్వు నన్ను అడిగావని అబ్బాయికి ఇన్నాళ్ళూ తెలియదు. అంతా విని, “నువ్వు చెప్పావు సరే. నేను తనని ఒక్క మాట అడగలేదు కదమ్మా” అన్నాడు. మిగిలిన ముక్కలు డబ్బాలో పెట్టి, ప్లేట్లన్నీ వాడే కడిగాడు.

ఇది వాడి తరఫున రాయబారం కాదు. వాడు చెప్పాలనుకున్నది వాడే చెప్పుకోవాలి. నిన్ను వెనక్కి రమ్మని అడిగే ముఖమూ నాకు లేదు. అక్కడ నీ చేతి కింద ఎనిమిది మంది పనిచేస్తున్నారని రాశావు. చదివి టైలరమ్మకి చెప్పాను, దుకాణానికి వచ్చిన వాళ్ళకీ చెప్పాను.

నేనే ఒకసారి వచ్చి నిన్ను చూడాలని ఉంది. ఒంటరిగా ఊరు దాటింది లేదు గానీ, బస్సు ఎక్కడ మారాలో మామయ్య కాగితం మీద రాసిచ్చారు. పొద్దున్న వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతాను. కోపంగా ఉంటే ఎదురుగానే తిట్టు, వింటాను. నన్ను చూడడం కూడా ఇష్టం లేకపోతే రావద్దని ఒక్క ముక్క రాయి. వచ్చే నెల మొదటి ఆదివారం దాకా చూస్తాను. ఏమీ రాయకపోతే బస్సెక్కేస్తాను.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూసే
అత్తయ్య