ఆ ఫ్లెక్సీ ఆపించండి మామయ్యా

నల్లపాడు,
12-2-2025, బుధవారం.

గౌరవనీయులైన మామయ్య ఖాదర్ వలి గారికి,

మీ అల్లుడు వాసిం సలాములతో రాస్తున్నది. అల్లా దయవల్ల ఇక్కడ నేనూ, మీ అమ్మాయి నస్రత్, పిల్లలిద్దరూ కులాసా. అత్తయ్య మోకాళ్ళ నొప్పులు తగ్గాయనీ, మీ టీకొట్టు ఎప్పట్లాగే సందడిగా ఉందనీ తలుస్తాను.

జేబులో ఫోను పెట్టుకుని ఉత్తరమేంటి వీడికి అనుకుంటారు. ఫోన్లో మీరు నన్నెక్కడ మాట్లాడనిస్తారు? ఎప్పుడు చేసినా శాలువా రంగు చెప్పి, ఎవరెవరు వస్తున్నారో చెప్పి, ఉంటాను అల్లుడూ అని మీరే పెట్టేస్తారు. అయినా ఈ మాట నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. కాగితమైతే నా మొహం చూడదు.

ఆదివారం బస్టాండు సెంటర్లో నాకు సన్మానం వద్దు మామయ్యా. ఫ్లెక్సీ అసలే వద్దు. మీరు పంపిన నమూనా చూశాను. పైన మీరు సలాం చేస్తున్న ఫోటో, మధ్యలో అండమాన్ సముద్రం నీళ్ళలో తీసిన ఆ ఫోటో, కింద "సాగర గర్భం చూసి వచ్చిన మా అల్లుడు" అని ఇంత లావు అక్షరాలు. చూడగానే చెమటలు పట్టాయి. కొట్లో అమ్మకానికి పెట్టిన పరుపు మీదే కూలబడ్డాను. బేరానికి వచ్చినావిడ, షుగర్ ఉందా బాబూ అని అడిగింది.

ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏముంది చెప్పండి. పరుపులు ఎక్కువ అమ్మిన కొట్లవాళ్ళని కంపెనీ వాళ్ళు భార్యాభర్తలుగా అండమాన్ తీసుకెళ్ళారు. అక్కడినుంచి ఓడలో ఇంకో చిన్న దీవికి. వీపుకి గాలి సిలిండరు కట్టి సముద్రం అడుగుకి దించడం కూడా ఆ టూరులో భాగమే. ఒళ్ళంతా కప్పే నల్ల సూటు, నెత్తిన టోపీ, కళ్ళకీ ముక్కుకీ అద్దం, నోట్లో గొట్టం. ఆ వేషంలో ఎవరైనా ఒకేలా ఉంటారు. మొహమే కనపడని ఫోటోకి ఫ్లెక్సీ ఎందుకు, మీరే ఆలోచించండి.

నీళ్ళు మాత్రం అబ్బో! మన కాలవలో చెయ్యి పెడితే చెయ్యి కనపడదు. అక్కడ నడుంలోతులో నిలబడితే కాలిగోళ్ళు కూడా కనపడతాయి. లోపల ఎలా ఉంటుందని మీరు అడుగుతూనే ఉన్నారు. ఎర్రచేపల గుంపు ఎదురొస్తే, కల్లంలో ఆరబోసిన మిరపకాయలు లేచి నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ మాట నస్రత్‌ది. ఇలాంటివి తనే బాగా చెబుతుంది, తననే అడగండి. ఇప్పటిదాకా మీలో ఒక్కరూ అడగలేదు.

నీళ్ళ మాట వస్తే మీరెప్పుడూ చెప్పే కథ ఒకటుందిగా. పదేళ్ళప్పుడు నస్రత్ మగపిల్లలతో పందెం కాసి సాగర్ కాలవ ఈదితే, మీరు చింతబరికె పట్టుకుని అవతలి గట్టు మీద కాపు కాశారని. ఆ దెబ్బలతో మళ్ళీ నీళ్ళ జోలికి పోలేదని నవ్వుతారు. మీతోపాటు నేనూ నవ్వేవాణ్ణి. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ కథ అవగానే, ఫ్రేము కట్టించి గోడకి తగిలించిన ఆ ఫోటో చుట్టాలందరికీ చూపించి, మగాడంటే వీడు అన్నారు. నస్రత్ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటుంది, సరిపోయిందంటాను, అంతే.

నాకు తల ఎత్తుకోవాలంటే సిగ్గుగా ఉంది. దిష్టి తగులుతుందనుకోండి, ఖర్చు దండగ అనుకోండి, ఏదో ఒకటి అనుకుని ఆపించండి. గోడ మీద ఫోటో కూడా తీయించండి. అత్తయ్యకి నా సలాములు చెప్పండి.

మీ అల్లుడు,
షేక్ వాసిం

తా.క.: కవర్లో పెట్టమని ఈ ఉత్తరం నస్రత్‌కి ఇచ్చాను. నిలబడే మొత్తం చదివింది. "ఇంత రాశారు, అసలు ముక్క ఏదండీ?" అని నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

అసలు ముక్క ఇది. నేను దిగలేదు మామయ్యా. సూటు వేసుకున్నాను, గొట్టం నోట్లో పెట్టుకున్నాను. తల ముంచగానే ప్రాణం గిలగిల్లాడిపోయింది. నేర్పే అతని మెడ పట్టుకుని వేలాడాను. పడవలో కూర్చుని వాంతులు చేసుకుంటుంటే నస్రత్ నా వీపు రాసి, నేను వెళ్ళనా అని అడిగింది. వెళ్ళింది. పైకి వచ్చి, ముక్కు చీదుకుని, నవ్వుతూ అన్న మొదటి మాట, నాన్నకి చెప్పొద్దు అని. ఇద్దరు బిడ్డల తల్లి మామయ్యా తను.

ఆ సంతోషంలో ఫోటో మన గ్రూపులో పెట్టింది నేనే. పేరు రాయలేదు. మీరు వెంటనే ఫోన్ చేసి, శభాష్ అల్లుడూ, సముద్రం అడుగుకి దిగావటగా అన్నారు. ఫోను స్పీకర్లో ఉంది. తను పక్కనే దుప్పటి మడతపెడుతోంది. నేను అవును మామయ్యా అన్నాను. తను చెప్పొద్దంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెప్పొద్దంది గానీ, ఆ పేరు నన్ను తీసుకోమనలేదు.

నమ్మకం కుదరకపోతే గోడ మీద ఫోటో దించి దగ్గరగా చూడండి. వేళ్ళు గుండ్రంగా కలిపి, బాగానే ఉన్నానని చూపిస్తున్న చెయ్యి ఉంది కదా, దాని బొటనవేలి కింద పొడుగ్గా ఒక మచ్చ కనిపిస్తుంది. అది చింతబరికె మచ్చ. ఎలా పడిందో నాకన్నా మీకే బాగా తెలుసు.