రాఖీ నాడు పోసిన ఆయిల్

లేడీస్ హాస్టల్, ఉస్మానియా క్యాంపస్
మంగళవారం

నా బంగారు వదినకు,

పోస్ట్‌మ్యాన్ నీ పేరు పెట్టి పిలిస్తే బ్యాంకు నోటీసేమోనని భయపడి ఉంటావు. భయపడకు, నేనే. చేతిలో ఫోన్ పెట్టుకుని కాగితం ఖరాబు చేయడమెందుకని నవ్వుకుంటున్నావా? మీ ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా అన్న "స్పీకర్ పెట్టు" అంటాడు. మీ అమ్మ చేసినా అంతే, నేను చేసినా అంతే. గోల్నాక ఇక్కడికి అరగంట దూరం. అయినా నీతో ఒక్క మాట విడిగా చెప్పుకోవాలంటే నాకు తపాలా శాఖే దిక్కయింది. అన్న డ్యూటీలో ఉన్నప్పుడే టపా వస్తుందని ధైర్యం చేశాను.

సంగతేమిటంటే, రాఖీ నాడు అన్న నా బండిలో పోసిన ఆయిల్‌ను దింపి పారేశాను.

అన్నకు నా బండి మొదటి నుంచీ కిట్టదని నీకు తెలుసు. ఫెలోషిప్ డబ్బులతో, క్యాంపస్ వదిలి వెళ్ళే సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. స్కూటీ కాదు, గేర్ల బండి. "ఆడపిల్లవు, గీ బండి నీకెందుకే?" అన్నాడు. ఆ తర్వాత ఏడాది దాకా దాన్ని చేత్తో ముట్టలేదు. అలాంటివాడు రాఖీ కట్టించుకుని, పళ్ళెంలో నోటు పెట్టకుండా సంచిలోంచి డబ్బా తీశాడు. "మా సర్వీస్ సెంటర్ల పెద్ద పెద్ద కార్లకు పోసేది గిదే. నా పైసలు పెట్టి తెచ్చిన. ఇగ నీ బండి విమానం లెక్క పోతది" అన్నాడు. పండగ చొక్కాతోనే కింద కూర్చుని పాత ఆయిల్ దింపి, కొత్తది పోశాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి వదినా. డబ్బా ఖరీదు చూసి కాదు. నా బండిని ఒప్పుకున్నాడని.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది. వారం తిరిగేసరికి బండి జారడం మొదలుపెట్టింది. తార్నాక దాటి లాలాపేట వంతెన ఎక్కుతుంటే, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి ముందుకు పోదు. వెనక బస్సువాడు హారన్. దిగి, చున్నీ నడుముకు చుట్టి తోసుకుంటూ వంతెన ఎక్కాను. ఒకసారి కాదు, చాలాసార్లు. లాలాపేటలో నేను చదువు చెప్పే ట్యూషన్ పిల్లలు నా చెమట చూసి "టీచర్, నడిచి వచ్చారా?" అని అడిగేవాళ్ళు. అన్నకు మొదటి రోజే ఫోన్‌లో చెప్పాను, కొన్నాళ్ళకు వచ్చి నడిపి చూశాడు. "క్లచ్ పోయింది. రేపు ఇంజిన్ గూడ పోతది. నెలాఖరు ఆదివారం తీస్కరా, కొనెటోడు ఉన్నడు. హాస్టల్ ఖాళీ చెయ్. పొద్దుగాల నేనే దింపుత, సాయంత్రం నేనే తెస్త" అన్నాడు.

బండి పోతే లాలాపేట ట్యూషన్ పోతుంది. ట్యూషన్ పోతే ఫెలోషిప్ రాని నెలల్లో నాకు మెస్ ఉండదు. అన్న వచ్చే వేళకు ల్యాబ్‌లో నా ప్రయోగం ముగియదు. అంటే థీసిస్ అటకెక్కుతుంది. ఒక బండి వెనక ఇంత ఉంది, అది అన్నకు కనిపించదు.

అప్పుడు బండితో వచ్చిన పుస్తకం తీశాను. అందులో పెద్ద అక్షరాల్లోనే ఉంది: బైకులకు తయారు చేసిన ఆయిల్ మాత్రమే వాడాలని. బైకులో క్లచ్ ప్లేట్లు కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారులో క్లచ్ విడిగా, పొడిగా ఉంటుంది. కారు ఆయిల్‌లో నునుపు కోసం మందులు కలుపుతారు. అది నా బండిలో పడేసరికి ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేక జారాయి. కెమిస్ట్రీ చదువుతూ ఇది ముందే తట్టనందుకు నా నెత్తిన నేనే మొట్టుకున్నాను.

తార్నాకలో షాపాయన మూడు డబ్బాలు పెట్టి ఖరీదైనదాన్ని ముందుకు జరిపాడు. "ఫుల్ సింథటిక్ మేడం. రేటెక్కువ గానీ మస్తుంటది." "నా బండి రేసులకు పోదు భయ్యా, ట్యూషన్‌కు పోతది" అన్నాను. డ్రమ్ములోంచి పట్టి ఇచ్చే లూజు ఆయిల్ అన్నిటికంటే చవక, కానీ దానికి ఊరూ పేరూ లేదు. సీలు వేసిన మామూలు మినరల్ ఆయిల్ తీసుకున్నాను. పుస్తకంలో చెప్పిన చిక్కదనం నంబరే డబ్బా మీద ఉంది, బైకులదన్న గుర్తూ ఉంది. అన్న తెచ్చినదాని ధరలో సగం కూడా లేదు. ఒకసారి మార్చితే జారుడు తగ్గింది. కొన్నాళ్ళు నడిపి మళ్ళీ మార్చితే పూర్తిగా పోయింది. నిన్న లాలాపేట వంతెన మూడో గేరులో ఎక్కాను వదినా!

అన్న రమ్మన్న ఈ ఆదివారం ఆ బండి మీదే వస్తాను. అమ్మడానికి కాదు, అన్నకు చూపించడానికి. పాపం, ప్రేమగా పోశాడు, ఆయనకు తెలియదు. నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో నువ్వే ఆలోచించు. అంతవరకు నోరు విప్పకు.

నీ ముద్దుల ఆడబిడ్డ,
పద్మశ్రీ


హాస్టల్
గురువారం

వదినా,

మొన్నటి ఉత్తరంలో "ఆయనకు తెలియదు" అని రాశాను. ఆ మాట కొట్టేయ్.

ఈరోజు ముషీరాబాద్‌లో పనిబడి, అన్నను పలకరిద్దామని సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. అన్న లేడు. ఆయనతో పనిచేసే దిలీప్ నా బండి చప్పుడు విని బయటికొచ్చాడు. "బండి మంచిగైందా అక్కా? ఆయిల్ మార్పించిండా అన్న?" అన్నాడు. నీకెలా తెలుసన్నాను. "జారుతుందని మీ అన్న చెప్పిననాడే నేను చెప్పిన గదా. కార్ల ఆయిల్ అన్నా, జల్ది దింపెయ్ అని. నాకు ఎరికేలే, దానికి చెప్పకు అన్నడు" అన్నాడు.

దానికి చెప్పకు!

నేను ఎండలో బండి తోసిన రోజులన్నీ ఆయనకు కారణం తెలుసు. బండి నడిపి చూసి, క్లచ్ పోయిందని నా మొహం మీదే చెప్పిన రోజూ తెలుసు. కొనేవాణ్ణి వెతికింది అన్నీ తెలిసే. తెలియక పోసినదానికి నాకు కోపం లేదు. పొరపాటున పోశాడు, ప్రేమతోనే పోశాడు. తెలిశాక నోరు మూసుకున్నాడు చూడు, దాన్ని మాత్రం నేను మింగను. వంతెన మీద నా వెనక బస్సు ఉన్నప్పుడు కూడా ఆయనకు నా ప్రాణం కంటే నన్ను ఇంటికి రప్పించడమే ముఖ్యమైందా?

మొన్న దాచమన్నాను, ఇప్పుడు చదవమంటున్నాను. ఈ ఉత్తరం అన్న ముందు గట్టిగా చదువు. స్పీకర్ పెట్టినట్టే చదువు. ఆదివారం నేను రాను, నా బండీ రాదు. అది నా పేరున ఉంది, నా సంతకం లేకుండా ఎవడూ కొనలేడు. హాస్టల్ ఖాళీ చేయను. థీసిస్ ఆపను. అన్నా, నీకు భయమైతే భయమని చెప్పు, కూర్చుని వింటాను. నీ భయాన్ని తెచ్చి నా ఇంజిన్‌లో పోయకు.

వచ్చే రాఖీకి వస్తానా అంటే, అది అన్న చేతిలో ఉంది.

పద్మశ్రీ


గోల్నాక
సోమవారం

పద్మా, నా తల్లీ,

నీలాగా రాయడం నాకు రాదు. ఇంటర్ పరీక్షల తర్వాత ఇంత పెద్దగా రాయడం ఇదే.

నీ రెండో ఉత్తరం శనివారం అందింది. ఆ రోజు చదవడానికి ధైర్యం చాలలేదు. నిన్న కొనేవాడు వచ్చి కూర్చున్నాడు. మీ అన్న "పద్మ వస్తది, జర ఆగు" అని చాయ్ తెమ్మన్నాడు. చాయ్ ఇచ్చాను, ఉత్తరం తీశాను. అక్కడే నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాను. కొనేవాడు సగం చాయ్ వదిలేసి లేచిపోయాడు.

మీ అన్న మండిపడ్డాడు. "ఇంటి సంగతి పరాయోని ముంగట చదువుతవా?" అన్నాడు. నేను కొనేవాడు వదిలేసిన కప్పు తీశాను. తర్వాత ఆయనే అన్నాడు: "ఎంట్రెన్స్‌కు పోయిననాడు నేను దింపితేనే పోయింది. బండొచ్చినంక 'అన్నా, జర దింపవా' అన్న మాటే లేదు. గా బండి ఉంటే పద్మ మనింటికొస్తదా?"

పద్మా, అప్పుడు నాకు ఏమయిందో తెలియదు. "నాకు బండి లేదు గదా. నేనేడికి పోయిన?" అన్నాను. "లగ్గమైన కాన్నుంచి మా అమ్మను చూడాలన్నా నీకు తీరిక దొరికిననాడే పోయిన. మా అమ్మతోని మాట్లాడితే నువ్వు పక్కన కూసుండి ఇంటవు. ఇంట్ల ఉన్నదాన్ని నువ్వు ఎన్నడన్న చూసినవా, పోయినదాని కోసం ఏడుస్తున్నవ్?"

ఆయన తల దించుకున్నాడు. సాయంత్రం మెల్లగా వచ్చి "ఏ ఆయిల్ పోసిందట?" అని అడిగాడు. చెప్పాను. "గదే కరెక్ట్" అన్నాడు. ఆ మాట నీకే చెప్పమన్నాను. ఇంకా మింగలేక కక్కలేక ఉన్నాడు. చెప్పేదాకా నువ్వు మెత్తబడకు. నేనూ మెత్తబడను.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. వచ్చే ఆదివారం నేను క్యాంపస్‌కు వస్తాను. ఎవరూ దింపనక్కర్లేదు, బస్సులో వస్తాను. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు పొద్దున ఖాళీగా ఉంటుందని ఎప్పుడో అన్నావు. నాకు నీ బండి నేర్పు. పడితే పడతాను, నవ్వకు.

ఇక ఉత్తరాలు రాయకు, నేరుగా ఫోన్ చెయ్యి. పొద్దున మా అమ్మ చేసింది. మీ అన్న అలవాటు కొద్దీ "స్పీకర్ పెట్టు" అన్నాడు. నేను ఫోన్ చెవికి పెట్టుకుని, తలుపు దగ్గరికి వేసి, గల్లీలోకి వచ్చి మాట్లాడాను.

నీ వదిన,
కరుణ