సీసా మీద పేరు

ప్లవంగ, జ్యేష్ఠ బహుళ చవితి

మళ్లీ ఆగిపోయింది. కోర్టు నుంచి వస్తూనే అన్నయ్య తన ఫౌంటెన్ పెన్ను నా ముందు పెట్టాడు. కోపంగా అన్నా బాగుండేది. మెల్లిగా అన్నాడు... "సుభద్రా, నువ్వు కాచింది సిరా కాదమ్మా, బంక."

విప్పి చూశాను. పాళీ కింద సన్నటి గాడి నిండా నల్లటి ముద్ద. వేణ్ణీళ్లు పోస్తే గానీ వదల్లేదు.

ఆడపిల్లల బడిలో చాలాకాలంగా నా సిరాతోనే రాస్తున్నారు. ముంచి రాసే కలానికి నా సిరా ఇస్తే ఎవరూ వంక పెట్టలేరు. ఈ పెన్ను సంగతి వేరు. సిరా అంతా కడుపులో దాచుకుని పొద్దస్తమానం రాస్తుంది. దానికి నా సిరా పడటం లేదు.

జ్యేష్ఠ బహుళ సప్తమి

సీమ సరుకులు, దొరల దేశం నుంచి ఓడల్లో దిగేవన్నీ, మానేయమని కాలేజీ పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఇవాళ మా అరుగు మీదకి వచ్చారు. అన్నయ్య అన్నిటికీ సరే అన్నాడు — బట్టలకి, చక్కెరకి. సిరా దగ్గర ఆగాడు. "ఆ ఒక్కటీ అడక్కండి బాబూ. మన సిరా ఈ పెన్నులో పారదు. మా ఇంట్లోనే చూశాను."

తలుపు వెనక ఉన్నాను. మా ఇంట్లోనే — అంటే నేనే.

పారిస్తాను.

జ్యేష్ఠ బహుళ నవమి

నాన్న గుర్తొచ్చాడు. ఆయన తాటాకుల మీద గంటంతో రాసేవాడు. అప్పుడు సిరాతో పనే లేదు. గీసిన ఆకుకి దీపం మసి పూసి తుడిస్తే, గీతల్లో మసి నిలిచి అక్షరాలు పైకి తేలేవి. ఆ పూయడం, తుడవడం నా పని. తర్వాత అన్నయ్య చదువుకి కాగితం వచ్చింది, ఈక కలం వచ్చింది, ఉక్కు పాళీ వచ్చింది. ఇప్పుడీ పెన్ను. ఒక్క ఇంట్లో, ఒక్క బతుకులో ఇన్ని చూశాను.

చిన్నతనంలోనే పసుపూ కుంకుమా పోగొట్టుకుని పుట్టింటికి తిరిగి వస్తే, అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. నాన్న ఏడవలేదు. పలకా బలపం తెచ్చి ఒళ్లో పెట్టాడు. "ఊరికే కూర్చోకు. కూర్చుని రాయి."

జ్యేష్ఠ బహుళ ద్వాదశి

సిరాలో జిగురు వెయ్యడం మానేసి చూశాను. పెన్నులో పారింది. కాగితం మీద పాకింది. 'క' రాస్తే గొంగళిపురుగు.

ఆషాఢ శుద్ధ విదియ

గోదావరి ఎర్రబడింది. కావిడివాడు తెచ్చిన నీళ్లు ఇండుపగింజ అరగదీసి వేసినా పూర్తిగా తేరుకోలేదు. పైకి నిర్మలంగా కనిపిస్తాయి. తెల్లగుడ్డలో వడకడితే సన్నటి ఒండ్రు.

అంటే ఇన్నాళ్లూ పెన్నుకి సిరాతో పాటు గోదావరి ఒండ్రు కూడా పోశాను. వదినతో చెబితే పొయ్యి దగ్గర కూర్చున్నదల్లా పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ అన్నయ్యకి చెప్పకు. పెన్నులో వరి నాటుతారు."

ఆషాఢ శుద్ధ షష్ఠి

రాత్రంతా వాన పడి పెంకుల మీద దుమ్మంతా కడుక్కుపోయింది. ఇవాళ్టి వాన కొత్త కుండలకి పట్టాను. గుడ్డ మీద ఒక్క మరక లేదు.

కరక్కాయ పెచ్చులు దంచి ఆ నీళ్లలో నానేశాను. ఈసారి తొందరపడను.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

ఉపవాసం. పని మాత్రం ఆపలేదు. కషాయం తేరుకుంది, బెల్లం పానకం రంగు. అన్నభేది, ఆ ఆకుపచ్చ ఇనప ఉప్పు, కరిగించి పోశాను. పడ్డచోట నల్లటి పువ్వు విచ్చుకున్నట్టు — ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. తుమ్మజిగురు చిటికెడే. బూజు పట్టకుండా రెండు లవంగాలు. సీసా మెడదాకా నింపి బిరడా బిగించాను. గాలి తగిలితే అడుగున మడ్డి దిగుతోంది, అది కూడా ఇప్పుడే పట్టుకున్నాను.

వదిన తల్లిగారు వచ్చి ఉన్నారు. నా వేళ్లు చూసి, "ఏంటమ్మా ఆ చేతులు, కడిగినా పోవా?" అన్నారు. పోవండీ, అన్నాను. ఎప్పటిలా చేతులు వెనక్కి దాచుకోలేదు.

ఆషాఢ బహుళ విదియ

సీసా కదపలేదు. చూడటం కూడా మానేశాను. చూస్తే కదపబుద్ధి అవుతుంది.

ఆషాఢ బహుళ నవమి

పైతేట వంచి పెన్నులో పోశాను. రాసింది. పక్కన పడేసి వంట చేసుకుని వచ్చి మళ్లీ రాశాను. రాసింది. ఎండలో పెట్టాను, వంకరగా పెట్టాను, మూత తీసి పెట్టాను. మూత తీసినప్పుడు మాత్రం కాస్త మొరాయించి, ఒకసారి విదిలిస్తే దారికొచ్చింది. సీమ సిరా కూడా అంతే చేస్తుందని వదిన సాక్ష్యం.

వదినని పట్టుకుని గిర్రున తిప్పాను. ఈ వయసులో.

ఆషాఢ బహుళ ఏకాదశి

అన్నయ్య ఒప్పుకోడు. రేపు పెద్ద దావా అట, లంక భూముల తగాదా. ఎదుటివాళ్ల సాక్షి చెప్పేదంతా వెంటవెంటనే రాసుకోవాలి. "మధ్యలో పెన్ను ఆగితే జడ్జీ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

నేను బతిమాలలేదు. వదిన అందుకుంది. "ఏవండీ, ఇంట్లో రాసి చూస్తే ఏం తెలుస్తుంది? పనిలో పెడితే కదా తెలిసేది. ఆగితే ముంచుకునే కలం ఎలాగూ ఉంటుంది మీ సంచీలో."

అన్నయ్య పెన్ను మూత తిప్పి చూశాడు. తర్వాత పెన్ను నా చేతికిచ్చాడు. "నువ్వే నింపు. నా చెయ్యి ఆడటం లేదు."

ఆషాఢ బహుళ ద్వాదశి

అన్నం సహించలేదు. పెరట్లోకీ వీధిలోకీ తిరుగుతూనే ఉన్నాను.

అన్నయ్య వచ్చాడు. తలపాగా తీసి వంకెకి తగిలించాడు. కాళ్లు కడుక్కున్నాడు. నావైపు చూడలేదు. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు సంచీలోంచి కాగితాల కట్ట తీసి చాప మీద పరిచాడు. అటూ ఇటూ నిండా, సందు లేకుండా అన్నయ్య గొలుసుకట్టు రాత. ఒక్కచోట పాకలేదు. ఒక్కచోట తెగలేదు. పొద్దున రాసిన పేజీలు అప్పటికే కారునలుపు తిరిగాయి.

"అవతలి ప్లీడరు అడిగాడు — ఏ కంపెనీ సిరా అండీ అని."

"ఏం చెప్పావు?"

"మా చెల్లెలిది అన్నాను."

అన్నం రెండుసార్లు వేయించుకున్నాడు. నేను పెరట్లోకి వెళ్లి కరక్కాయ కుండల మధ్య కూర్చుని కాసేపు... ఏడుపు కాదు. ఏదో.

శ్రావణ శుద్ధ తదియ

మెయిన్ రోడ్డులో కాగితాల కొట్టు పెట్టిన వీర్రాజుగారు వచ్చారు. ప్లీడర్లంతా అడుగుతున్నారట. "ఆయ్, ఎన్ని సీసాలిచ్చినా తీసుకుంటానండి. అట్టపెట్టెలో పెట్టి, పైన అచ్చు కాగితం అంటించాలండి. పేరేం పెడదామంటారు?"

"గోదావరి సిరా" అన్నాడు అన్నయ్య వెంటనే.

మగవాళ్ల మాటల మధ్యలో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఇవాళ తలుపు అవతల నిలబడే అన్నాను. "గోదావరి నీళ్లు పొయ్యలేదు కదా అన్నయ్యా అందులో. నా పేరు పెట్టండి. సుభద్రమ్మ సిరా."

వీర్రాజుగారు కండువా సర్దుకున్నారు. కాసేపటికి సెలవు తీసుకున్నారు.

శ్రావణ శుద్ధ పంచమి

అన్నయ్య నచ్చచెబుతున్నాడు. ఇంటి ఆడదాని పేరు బజార్లో పదిమంది నోళ్లలో పడటం... సరే, అదొకటి. ఇంకొకటి ఉంది. అది చెప్పడానికి చాలా కష్టపడ్డాడు. "కొట్లో తెల్లవారగానే చేతికొచ్చేది ఆ సీసా. దాని మీద నీ... నీలాంటి వాళ్ల పేరు ఉంటే, కొనేవాళ్లు శుభమా అశుభమా అని చూస్తారమ్మా. నేననడం లేదు. వాళ్లంటారు."

నేను మెల్లిగానే అన్నాను. "మీ పెద్దమ్మాయి పెళ్లికి శుభలేఖలన్నీ నా సిరాతోనే రాశావు."

లేచి వెళ్లిపోయాడు.

శ్రావణ శుద్ధ దశమి

వీర్రాజుగారి దగ్గర్నుంచి మళ్లీ కబురు. మా ఇంట్లో సీసాలు నింపి సిద్ధంగా ఉన్నాయి. నేను ఇవ్వలేదు. పేరు లేకుండా ఒక్కటి కూడా గడప దాటదని చెప్పించాను.

వదిన నా పక్కన కూర్చుని సీసాలు తుడుస్తోంది. "నాకైతే ఇంత ధైర్యం లేదమ్మా." ధైర్యమో పంతమో నాకు తెలియదు. చేసినదాన్ని నేనే. అది నిజం. నిజాన్ని కాగితం మీద అచ్చు వెయ్యడానికి ఇంత భయమెందుకు?

శ్రావణ శుద్ధ త్రయోదశి

అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. భోజనం దగ్గర కూడా వదినకే చెబుతున్నాడు — చారు బాగుందని. చారు పెట్టింది నేను. ఆయనకి తెలుసు.

శ్రావణ బహుళ విదియ

వరద. పుష్కరాల రేవు మెట్లు కనిపించడం లేదు. కోర్టుకి సెలవు. అన్నయ్య రోజంతా వీధి అరుగు మీద కూర్చుని ఏదో రాస్తూ, కొట్టేస్తూ ఉన్నాడు. సాయంత్రం కిటికీ దగ్గర ఆగి, "పేరు చివర 'అమ్మ' ఉండాలా, వద్దా?" అన్నాడు.

ఉండాలి అన్నాను.

తల ఊపాడు. అది ఒప్పుకోవడమో, విన్నానని చెప్పడమో తెలియలేదు.

శ్రావణ బహుళ సప్తమి

నీళ్లు తగ్గాయి. పొద్దున్నే అన్నయ్య అచ్చాఫీసుకి వెళ్లాడు. రెండు కాగితాలు పట్టుకెళ్లాడని వదిన చెప్పింది. ఒకదాని మీద గోదావరి, ఒకదాని మీద నేను. ఏది ఇస్తాడో ఆవిడకీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కొత్త సిరా వడకట్టాను. ఇది మొదటి దానికన్నా బాగా వచ్చింది. నేనే అనుకోవాలి, అనుకుంటున్నాను.

శ్రావణ బహుళ నవమి

ఇంకా పొద్దు ఉంది. ఇది రాస్తుండగానే వీధి తలుపు చప్పుడైంది. అన్నయ్య. చంకలో పురికొసతో కట్టిన కాగితాల కట్ట, పచ్చి అచ్చు వాసన ఇక్కడిదాకా వస్తోంది. వదిన మంచినీళ్లు తెచ్చింది. తాగాడు. కట్ట తెచ్చి నా బల్ల మీద, ఈ పుస్తకం పక్కనే పెట్టాడు. అచ్చు వైపు లోపలికి మడిచి ఉంది.

"విప్పు" అన్నాడు.

నేను తల ఎత్తలేదు. రాస్తూనే ఉన్నాను. "నువ్వే విప్పు అన్నయ్యా."

నిలబడే ఉన్నాడు. పురికొస ముడి మీద ఆయన వేళ్లు...