కొయ్యొద్దన్న చీర

తేదీ 14, మంగళవారం
షాపులోంచి

మా బక్కదానికి,

బాగున్నావా? మీ ఆయన నడుంనొప్పి తగ్గిందా? పన్నెండు రోజులైనా జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. గిరాకీ ఎక్కువైందని చెబుదామనుకున్నాను గానీ, అది కాదు.

నువ్వు పంపిన ఏడు పాత చీరలూ అందాయి. ఆరింటితో మా షాపులో అమ్మే కోట్లు కుట్టుకోమన్నావు. అమ్మ పోయాక నీకు మిగిలిన ఆకుపచ్చ పట్టుచీర మాత్రం డ్రైక్లీనింగ్ చేయించి పంపమని చీటీ రాసి పిన్ను గుచ్చావు. మా దగ్గర వచ్చిన మూట వచ్చినట్టే ఇస్త్రీకి వెళ్తుంది. ఇస్త్రీపెట్టె కింద పిన్ను పడితే పట్టు చిరుగుతుందని ఇస్త్రీ ఆవిడ పిన్నులన్నీ ముందే పీకేస్తుంది. ఆ చీటీ ఎటు పోయిందో పోయింది. అదేరోజు ఒక టీచరమ్మ వచ్చి, ఏడింట్లో అదే కావాలని కోటుకి కొలతలిచ్చింది. మా కటింగ్ మాస్టరు కోసేశాడు. వెన్నలా తెగిందమ్మా అని మురిసిపోయాడు కూడా.

అమ్మ చీర ఎప్పుడు పంపుతావే అని నువ్వు అడిగాక గానీ నాకు తెలియలేదు. టీచరమ్మ ఇంటికి పరిగెత్తాను. ఇంకోటి ఊరికే కుట్టిస్తానన్నాను. ఒంటిమీద కోటు విప్పి ఇమ్మంటావేంటమ్మా అని నవ్వేసింది. రెండోసారి వెళ్తే ఇంటికి తాళం. వరండాలో తీగ మీద ఆ కోటు ఆరేసి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కాసేపు నిలబడి వచ్చేశాను.

జానెడు అంచుముక్క మిగిలింది. మీ అమ్మ చిరుగుకి రఫూ చేసుకున్న చోటు. చిరుగుందని మాస్టరు పక్కన పడేశాడు.

ఇట్లు,
నీ కత్తెర

తా.క.: ఇస్త్రీ ఆవిడ మీదికి తోసేశాను గానీ, ఆమె చీటీ తీసి నా చేతికే ఇచ్చింది. నేను ఫోన్లో మాట్లాడుతూ, చదవకుండా, దాని వెనకాలే టీచరమ్మ అడ్రసూ కొలతలూ రాసి మాస్టరుకిచ్చాను. నీకే ఇచ్చాను కదక్కా అని ఆమె అంటే, అబద్ధాలాడకు అని అందరి ముందూ అరిచాను. తర్వాత అడ్రసు కోసం వెతికితే ఆ చీటీ దొరికింది. ఒకవైపు నా రాత: ఛాతీ ముప్పై ఎనిమిది, చెయ్యి పద్దెనిమిది. తిప్పితే నీ రాత, మొదటి మాటే: అమ్మది, కొయ్యొద్దు.

చీటీ, ముక్క కలిపి వేరే కవర్లో పెట్టాను. దాన్ని పోస్టులో వెయ్యడానికి చెయ్యి రావడం లేదు. నువ్వొస్తావా, నన్ను రానిస్తావా? ఎప్పుడు కలుద్దామే?